ముగ్గులో వేసిన మంచం

ఈ ఉదయం నడక ముగించుకుని వస్తుంటే మా వీధి మలుపులో సున్నం వాసన తగిలింది. పొడి సున్నం ముక్కులో సన్నగా మండుతుంది, గొంతులోకి దిగాక చల్లబడుతుంది. ముప్పై ఏళ్లకు పైగా ఆ పొడిలో తిరిగినవాణ్ణి, కళ్లు మూసుకున్నా గుర్తుపడతాను. మలుపు తిరిగితే శ్రీలత వాళ్ల స్థలంలో మేస్త్రీ ముగ్గు పోస్తున్నాడు. అడుగున చిల్లులు పొడిచిన డబ్బాను తాడు వెంట తట్టుకుంటూ పోతుంటే ఎర్రమట్టి మీద తెల్లటి గీత పడుతోంది. సూర్యాపేట పాత బస్టాండు దగ్గర టిఫిన్ బండి నడుపుకునే శ్రీలత, అత్తతో, ఇద్దరు పిల్లలతో పన్నెండేళ్లుగా మా వెనక సందులో కిరాయికి ఉంటోంది. ఈసారి ప్రభుత్వ ఇళ్ల జాబితాలో ఆమె పేరు వచ్చింది. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ ఇప్పటిదాకా సొంత ఇల్లు అన్నది ఎవరికీ లేదు. అటువంటి మనిషి తన ఇంటి గీతల మధ్య నిలబడి, సంతోషపడాల్సింది పోయి ముఖం చిన్నబుచ్చుకుని ఉంది.

“గింతేనా అన్నా? గీండ్ల మేం నలుగురం ఎట్ల వడ్తం? ముందటి గీత జర అవుతలికి జరుపరాదు.”

మేస్త్రీ కాసేపు తటపటాయించి, ముందు గీతకు రెండడుగుల అవతల ఇంకో గీత పోశాడు. తవ్వకం రేపు పొద్దున మొదలుపెడతామని చెప్పి వెళ్లిపోయాడు. నాకు తెలియకుండానే నా కళ్లు ఆ గీతల మధ్య మంచం కోసం వెతికాయి. మంచం లేదు. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని, బీరువా అడుగు అరలోంచి మిర్యాలగూడ నాటి డైరీలు బయటికి తీశాను.

నేను ఇళ్ల పథకాల విభాగంలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాయని రోజు లేదు. వాతావరణం, తిరిగిన ఊర్లు, పోయించిన ముగ్గులు, కొలతలు, ఇవే అందులో ఉండేవి. మా సొంత మండలం ఆత్మకూరులో మా నాన్న కూడా పొలం గట్ల కొలతలు గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకునేవాడు. అంగుళం తప్పు పోకపోవడమే మంచి పని అని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఆ నమ్మకాన్ని తప్పుపట్టకుండానే, దాని పక్కన ఇంకోటి చేర్చిన మనిషి సుభద్ర మేడం.

ఆమె మా సెక్షన్‌కు ఇంజనీరుగా వచ్చేనాటికి నాకు నలభై ఎనిమిదేళ్లు, ఆమెకు ముప్పై రెండు. సొంతూరు కోదాడ. ఆ వైపు వాళ్ల మాట కొంచెం ఆంధ్రకు మొగ్గి ఉంటుంది. అటెండరును కూడా అండీ అని పిలిచేది కాబట్టి ఆఫీసులో చాటుగా ‘అండీ మేడం’ అనేవాళ్లు. ఒకరోజు ఆ పేరు ఆమె చెవిన పడింది. “నాకు పెట్టిన పేర్లలో ఇదే మర్యాదగా ఉందండీ,” అని నవ్వి ఊరుకుంది. నూలు చీర, కాన్వాసు బూట్లు, స్కూటరు. ఆమె తండ్రి తాపీమేస్త్రీ. కూతురికి ఇంజనీరు ఉద్యోగం వచ్చిన రోజున గోడ నిటారు చూసుకునే తన ఇత్తడి తూకం గుండు ఆమె చేతిలో పెట్టాడట. అది ఎప్పుడూ ఆమె సంచిలో ఉండేది.

ఆమెతో నా మొదటి పర్యటన త్రిపురారం దగ్గర, కాలువ కింది ఊరికి. నేను ముగ్గు పోయించి, మూలలు సరిచూసి, ఇక పోదామని టేపు చుట్టుకుంటున్నాను. మేడం ఆ ఇంటి యజమాని వైపు తిరిగి, మీ మంచం ఒకసారి తెప్పించండి అంది. ఆయనకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. మంచం వచ్చింది. దాన్ని పడకగది గీతల మధ్య వేయించి, ఆయన్ను పడుకోమంది. ఊరంతా చూస్తుండగా ఆరుబయట, మిట్ట మధ్యాహ్నం, ఆ పెద్దమనిషి కట్టెలా బిగుసుకుని పడుకున్నాడు. ఆయన భార్యను మంచం చుట్టూ నడవమంది. బియ్యం డ్రమ్ము, పొయ్యి, బట్టల పెట్టె తెప్పించి ఎక్కడివక్కడ పెట్టించింది. తలుపు ఎటు తెరుచుకుంటుందో చేత్తో చూపించింది. ఒక్కో ఇంటికి అరగంట పట్టింది. ఆ పూట నేను డైరీలో రాసుకున్న వాక్యం ఇప్పటికీ అలాగే ఉంది: ‘మేడం గారి మంచం ఆటలో రెండు గంటలు వృథా.’

తిరిగి వచ్చే దారిలో, టీ తాగుతూ, ఇదంతా ఎందుకని అడిగాను. ఆమె వాళ్ల నాన్న సంగతి చెప్పింది. నలభై ఏళ్లు ఊరివాళ్లకు ఇళ్లు కట్టి, చివరికి ఆయన తన కోసం రెండు గదులు కట్టుకున్నాడు. గోడలు నిటారుగా, మూలలు కచ్చితంగా కుదిరాయి. గృహప్రవేశం రోజున తన తల్లి మంచాన్ని గదిలో వేస్తే తలుపు సగమే తెరుచుకుంది. మంచం అడ్డం తిప్పితే బీరువా పట్టలేదు. ఆ ముసలమ్మ మిగిలిన ఆరేళ్లూ వసారాలోనే పడుకుంది. “మా నాన్న ఆ తలుపు తీసిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగేవారండీ,” అంది మేడం. నేను తలూపాను గానీ, నిజం చెప్పాలంటే, ఒక మేస్త్రీ పొరపాటుకు మా సెక్షన్ మొత్తం మంచాలు మోయడం ఎందుకనే అనుకున్నాను.

తర్వాతి వేసవిలో ఆమె నెల రోజుల శిక్షణకు హైదరాబాదు వెళ్లింది. అదే సమయంలో మిర్యాలగూడ అవతల ఒక తండాలో ఎనిమిది ఇళ్లకు ముగ్గు పోయించే పని నా మీద పడింది. మంచాలు లేకుండా మధ్యాహ్నానికే ఎనిమిదీ పూర్తిచేశాను. తెలివైన పని చేశానని నా డైరీలో నేనే మెచ్చుకున్నాను. ఆరో ఇల్లు సక్రు, కమ్లిలది. సక్రు మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో హమాలీ. కమ్లి నాట్లకూ కోతలకూ పోయేది. సక్రు తల్లి ద్వాళి వాళ్లతోనే ఉండేది. ముగ్గురూ ఉంటున్న గుడిసె ఆ స్థలంలోనే కావడంతో దాన్ని విప్పేసి, పక్కన టార్పాలిన్ పరదా కట్టుకుని ఉన్నారు. మృగశిర లోపు గోడలు లేవాలని వాళ్ల ఆరాటం.

మూడు వారాల తర్వాత పునాది దశ ఫొటో తీయడానికి వెళ్లాను. ఇల్లు ఒక్కో దశ పూర్తయ్యాక యజమాని దాని ముందు నిలబడిన ఫొటో, నా కొలతల నివేదిక పైకి వెళితేనే తర్వాతి దశకు మంజూరు వచ్చేది. కమ్లి తలకు నూనె రాసుకుని, పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుని రాతికట్టు ముందు నిలబడి ఉంది. నేను టేపు పరిచాను. ముందు వైపు మూడడుగులు ఎక్కువ వచ్చింది. మళ్లీ పరిచాను. మూడోసారి కూడా అంతే. పథకం ఒప్పుకునే విస్తీర్ణం కన్నా ఇల్లు పెద్దదైపోయింది. నేను కెమెరా సంచిలో పెట్టేశాను.

“ఫొటో తియ్యవా సారూ?” అంది కమ్లి.

ఏం జరిగిందో సక్రు చెప్పాడు. నేను ముగ్గు పోయించి వెళ్లాక ముసలమ్మ వచ్చి చూసి, గిది ఇల్లా, మేకల దొడ్డా అన్నదట. ఆయనకు మనసు కష్టమైంది. ఇద్దరు స్నేహితులను పిలిచి ముందు గీతను మూడడుగులు బయటికి జరిపాడు. దాని వెనక ఇంకో ఆశ ఉంది. ఆయన పనిచేసే మిల్లు సేటు ఇంట్లో ముందు హాలు ఉండేది. బస్తాలు దింపడానికి పోయినప్పుడల్లా దాన్ని గడప ఇవతలి నుంచే చూసేవాడు. తన ఇంటికి నలుగురు వస్తే కూర్చోబెట్టే హాలు కావాలనుకున్నాడు. నేను అన్నీ విని, ఆఫీసుకు వచ్చి నివేదిక రాశాను. ‘విస్తీర్ణం మించినందున తదుపరి దశకు అర్హత లేదు.’ చివరి మాటల కింద గీత కూడా గీశాను. ఒకసారి కొట్టేసిన పేరు మళ్లీ జాబితాలోకి రావాలంటే ఎన్నేళ్లు పడుతుందో నాకు తెలుసు. గుడిసె లేదు, ఇల్లు రాదు, నెత్తిన పరదా, ముందు వానాకాలం. అదంతా తెలిసి కూడా, నియమం నియమమే అనుకుని ఆ నివేదికను మేడం బల్ల మీద పెట్టాను.

ఆమె తిరిగి వచ్చిన రోజు దాన్ని నిలబడే చదివింది. “మంచం వేశారా, యాదగిరి గారూ?” అని అడిగింది.

వేయలేదనీ, కొలత మాత్రం అంగుళం కూడా తప్పు పోలేదనీ చెప్పాను.

“మీ కొలత మీద నాకెప్పుడూ అనుమానం లేదండీ. అది వాళ్లకి కనపడిందా అని అడుగుతున్నా. ఖాళీ నేల మీద గీసిన ఏ గదైనా చిన్నగానే ఉంటుంది. పైన ఆకాశం, చుట్టూ పొలాలు. అందులో ఇరవై అడుగులెంత?”

ఆమె గొంతు పెంచలేదు. నివేదికను చించలేదు, సంతకమూ చేయలేదు. మడిచి సంచిలో పెట్టుకుని, స్కూటరు తాళం తీసుకుంది. నేను టేపు, తాడు సంచిలో వేసుకుని ఆమె వెనకే బయల్దేరాను. పాతికేళ్ల సర్వీసులో నేను పోయించిన ముగ్గులన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఆ గీతల మధ్య నిలబడిన మనుషుల ముఖాలు మాత్రం ఒక్కటీ గుర్తుకు రాలేదు. డైరీల్లో కొలతలు ఉన్నాయి, ముఖాలు లేవు.

తండాలో మేం దిగేసరికి ముగ్గురూ పరదా నీడలో కూర్చుని ఉన్నారు. మేడం వాళ్లతో నియమాల మాట ఎత్తలేదు. కొత్త పునాది ఇంకా మొరం నింపక ఖాళీగానే ఉంది. అందులో పాత ముందు గీత ఎక్కడ ఉండాలో అక్కడ నన్ను తాడు కట్టమంది. ఆ తాడుకు ఇవతల, అంటే నేను మొదట పోయించిన ఇంటి లోపల, మంచం వేయించింది. బియ్యం డ్రమ్ము, పొయ్యి, రెండు పెట్టెలు పెట్టించింది. ద్వాళిని పడుకోమంటే ఆమె ససేమిరా అంది.

“మంచం బయటేసి పండవెడ్తే ఎవలు పోయిన్రని అడుగుతరు బిడ్డా. నేనింక పోలే.”

చుట్టూ చేరిన తండా ఆడవాళ్లు పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. మేడం బూట్లు విప్పి తానే మంచం మీద వెల్లకిలా పడుకుంది. “నేను పోయినట్టున్నానా అమ్మా?” అని అడిగింది. ముసలమ్మ ఆమె ముఖంలోకి వంగి చూసి, లెవ్వు, లెవ్వు, ఎండకు నల్లవడ్తవు అని చెయ్యి పట్టి లేపి, తాను కూర్చుంది, తర్వాత పడుకుంది. కమ్లి మంచం చుట్టూ నడిచింది. పొయ్యి దగ్గర కూర్చుని లేచింది. రెండు చేతులూ బారజాపి తిరిగింది, ఏదీ తగల్లేదు. అత్త పడుకున్నాక కూడా పక్కన ఇద్దరు పడుకునే చాప పరిచి చూసింది. పట్టింది.

“గింత జాగున్నదా గీడ?” అంది.

ఆ మాట ఆమె మమ్మల్ని అడగలేదు. ఆ ఖాళీలో తనలో తాను అనుకుంది. మూడు వారాల కిందట ఒక్క అరగంట నేను ఖర్చు పెట్టి ఉంటే ఆమె ఈ మాట అప్పుడే అని ఉండేది.

మంచం మీది ద్వాళికి ఇంకో ఇబ్బంది కనిపించింది. ఇటు గోడ వస్తే నాకు బాట కానరాదు అంది. మిల్లు నుంచి కొడుకు వచ్చే బాట అది. బస్తా మీద పడి ఒకసారి సక్రు నడుము దెబ్బతింది. ఆనాటి నుంచి ఆయన బాట మలుపులో కనిపించేదాకా ఆమె ముద్ద ముట్టదట. మేడం నన్ను టేపు తెమ్మంది. పడుకున్న మనిషి కంటికి నేలకు మధ్య కొలత తీయించింది. మా డ్రాయింగులో కిటికీ మూడడుగుల ఎత్తున మొదలవుతుంది. ఆమె కన్ను రెండడుగుల దగ్గర ఉంది. కిటికీ రెండుకు దించితే ఇల్లేమీ పడిపోదని మేడం అక్కడికక్కడే డ్రాయింగు మీద మార్చి సంతకం పెట్టింది.

సక్రు ముఖం మాత్రం విప్పారలేదు. “మరి నలుగురొస్తే ఏడ కూసుంటరు మేడం?” అన్నాడు. మేడం తాడుకు అవతల మిగిలిన మూడడుగులు చూపించింది. గోడలు లేపేది తాడు మీదే. దాని ముందున్నది పైకప్పు, గోడలు లేని అరుగు అవుతుంది, ఇంటి విస్తీర్ణంలోకి రాదు. కట్టిన రాయి వృథా పోదు. కానీ ముందు గోడ కోసం తాడు వెంట ఇరవై అడుగుల పొడవున కొత్తగా పునాది తవ్వాలి, రాయి కట్టాలి. వానలకు ఎక్కువ రోజులు లేవు.

“అంటే మల్ల తవ్వుడేనా?” అన్నాడు సక్రు. ఆ మాటలో కోపం లేదు, అలసట ఉంది. మేడం డ్రాయింగును మడిచి సంచిలో పెట్టుకుంది. నా వైపు చూడలేదు. కానీ బదులు చెప్పాల్సింది నేనని నాకు తెలిసింది. తప్పు నాదేనని చెప్పాను. ఎనిమిది ఇళ్లు తొందరగా ముగించాలని ఆ రోజు మీకు చూపించాల్సింది చూపించలేదని, మీరు గీత జరిపింది నేను చూపించకపోవడం వల్లనేనని అన్నాను. ఒక హమాలీ కుటుంబం ముందు, తండా అంతా వింటుండగా అలా చెప్పడం నాకు అదే మొదటిసారి. సక్రు తాడు వెంట చివరిదాకా నడిచి వచ్చాడు.

“సరే తియ్యి సారూ. పొద్దుగాల్ల మా మిల్లోళ్లను తోల్కొస్త. తాడు నువ్వే పట్టాలె,” అన్నాడు.

తెల్లవారి మిల్లుకు సెలవు. ఆరుగురు హమాలీలు వచ్చారు. ఒకడు, మొదట గీత జరిపింది నేనే సారూ అని ఒప్పుకుని అందరికన్నా ఎక్కువ తవ్వాడు. తాడు నేనే పట్టాను. ప్రతి వరుస రాయికీ మట్టం చూశాను. ద్వాళి నా వెనకే తిరుగుతూ, ఈసారి సక్కగ పట్టు కొడకా అని హెచ్చరిస్తూనే ఉంది. నా పాత నివేదిక వెనక్కి తీసుకుని కొత్తది రాశాను. అరుగు గురించీ, కిటికీ గురించీ వివరంగా రాసి, ముగ్గు పోసిన రోజున కుటుంబానికి గదులు చూపించకపోవడం నా లోపమని చివర చేర్చాను. ఆ వాక్యం అక్కరలేదని మేడం అంది. ఉండనివ్వమన్నాను. దానికి పై ఆఫీసు నుంచి నాకొక మెమో వచ్చింది. దాన్ని డైరీలో అతికించుకున్నాను. జిగురు పసుపు రంగుకు తిరిగినా అది ఇంకా ఊడలేదు.

మొదటి వానకు గోడలు లేచాయి గానీ స్లాబ్ పడలేదు. గోడల మీదుగా పరదా లాగి కట్టారు. పక్కింటివాళ్లు ఎంత పిలిచినా ద్వాళి పోలేదట. ఆ పరదా కిందే, రెండడుగుల ఎత్తు కిటికీ పక్కన, తడవని మూలకు మంచం జరుపుకుని పడుకుంది. వానలు తెరపి ఇచ్చిన వారంలో స్లాబ్ వేశారు. చివరి ఫొటోకు కమ్లి అదే పెళ్లిళ్ల చీర కట్టుకుంది. ఈసారి కెమెరా సంచిలోకి పోలేదు.

ఆ తర్వాత నా డైరీలు మారాయి. కొలతల కింద ఇంకో వరుస చేరింది: ఎవరు ఎక్కడ పడుకుంటారు. ‘మునగాల, మూడో ఇల్లు. పెద్దాయన తలుపు దగ్గర, దగ్గు ఉంది కాబట్టి. కోడలు వంటింటి పక్కన.’ ఇలా కొన్ని వందల ఇళ్లవి ఉన్నాయి. మూడేళ్లకు మేడం బదిలీ మీద వెళ్లిపోయింది. ఇప్పుడు వేరే జిల్లాలో పెద్ద హోదాలో ఉంది. అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. ఇప్పటికీ యాదగిరి గారూ అనే పిలుస్తుంది. నేను రిటైరయ్యే ముందు ఒకసారి ఆ తండాకు వెళ్లాను. ద్వాళి పోయి అప్పటికి రెండేళ్లయింది. మంచం అదే చోట ఉంది. సక్రు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, పోయిన నెల మిల్లు సేటు తన కొడుకు పెళ్లికి పిలవడానికి వచ్చి ఇక్కడే కూసున్నడు సారూ, చాయ తాగి గంట సేపు పోలే అని చెప్పాడు. చెబుతూ, సేటు కూర్చున్న చోటును అరచేత్తో ఒకసారి తుడిచాడు.

ఇంతవరకు రాసి లేచేసరికి నాలుగున్నర దాటింది. రేపు పొద్దున తవ్వకం మొదలైతే శ్రీలత ఇల్లు కూడా ఆ రెండో గీత మీదే లేస్తుంది. మా వసారాలోని నవారు మంచం భుజానికెత్తుకుంటే మా ఆవిడ, ఈ వయసులో దాన్ని ఎక్కడికి మోసుకపోతున్నరని అడిగింది. దగ్గరికేనన్నాను. శ్రీలత బండి సామాను కడుగుతూ నన్ను చూసి పరుగున వచ్చి ఒక కోడు పట్టుకుంది. మొదటి ముగ్గు గీతల లోపల మంచం వేశాం. పడుకొమ్మంటే అటూ ఇటూ చూసింది.

“బజార్ల అందరు నవ్వుతరు సార్.”

నవ్వనిమ్మని చెప్పి, చెప్పులు విడిచి నేనే పడుకున్నాను. అరవై ఆరేళ్లవాణ్ణి, నడివీధి పక్కన, ఆరుబయట. ఒక స్కూటరు ఆగి, సార్‌కు ఏమైందని అడిగి వెళ్లింది. శ్రీలత మంచం చుట్టూ మెల్లగా నడిచింది. వంటగది గీతల్లోకి పోయి, బండి మీద దోసె తిప్పే చెయ్యిని గాలిలో తిప్పి చూసుకుంది. పిల్లలు చదువుకునే మూల ఇదని ఒకచోట నిలబడింది. తర్వాత ముందుకు వెళ్లి, పొద్దున పోయించిన రెండో గీతను కాలితో చివరిదాకా తుడిపేసింది. కాలి మడమ తెల్లబడింది.

“సార్, మా అత్తమ్మ మంచం గీడ్నే ఏస్తం,” అంది. “కిటికీ ఎంత ఎత్తుల వెట్టియ్యాలె?”

నేను లేవకుండానే జేబులోంచి టేపు తీశాను.